ఎవరూ ముట్టుకోకుండా విరిగిన స్టడ్లు: పీణ్య నుంచి ఒక కేస్

శనివారం పొద్దున ఏడింటికి ఫోన్ మోగింది. అవతల బెంగళూరు పీణ్య పారిశ్రామికవాడ రెండో స్టేజ్‌లో హైడ్రాలిక్ ప్రెస్సులు తయారుచేసే ఓనర్. ఊరు మడకశిర, నాకంటే పదేళ్లు పెద్ద. నాది హిందూపురం. ఇద్దరిదీ ఒకే వైపు కాబట్టి పలకరింపులేమీ ఉండవు, నేరుగా విషయమే.

"సామీ, రాత్రి మా షెడ్డులో రెండు స్టడ్లు వాటంతటవే తెగినాయి. మిషన్ ఆన్ కూడా చేయలేదు. వాచ్‌మన్ ఎవరో టపాసు కాల్చినారనుకున్నాడంట. నువ్వు సర్టిఫికెట్ ఇచ్చిన లాటే అది."

ఆ చివరి మాటకే నాకు నిద్ర వదిలింది. నాది చిన్న టెస్టింగ్ ల్యాబ్. లాగి తెంపి బలం చూడటానికి ఒక 40 టన్నుల యూటీఎం, గట్టిదనం కొలవడానికి రాక్‌వెల్ మిషన్, దెబ్బకు ఓర్చుకుంటుందో లేదో చూడటానికి చార్పీ మిషన్, ఒక మైక్రోస్కోప్. మేం అమ్ముకునేది కాగితమే. ఆ కాగితం మీద "పాస్" అని రాసింది తెగిందంటే టెన్షన్ ఉండకుండా ఎలా ఉంటుంది?

వెళ్లేసరికి మూడు ప్రెస్సులు వరసగా నిలబెట్టి ఉన్నాయి. ఒక్కోదానికి సిలిండర్ ఫ్లాంజిని పై ప్లేటుకు పట్టి ఉంచే స్టడ్లు, అంటే తల లేకుండా మరలు కోసిన కడ్డీలు, ఎనిమిది. సైజు ఎమ్16, అంటే 16 మిల్లీమీటర్ల వ్యాసం, పొడవు 180 మిల్లీమీటర్లు. శుక్రవారం సాయంత్రం ఆరున్నరకు 24 స్టడ్లూ బిగించి, నట్ల మీద తెల్ల పెయింట్ గీతలు పెట్టి ఇంటికెళ్లారు. పొద్దునకు రెండు నట్లు, వాటిలో ఇరుక్కున్న స్టడ్డు ముక్కలతో సహా, నేల మీద పడి ఉన్నాయి. సోమవారానికి అవి ఐదయ్యాయి.

తెగిన ముక్క చేతిలోకి తీసుకున్నాను. నట్టు కింద మొదటి మర దగ్గర, అడ్డంగా, కత్తితో కోసినట్టు తెగింది. మెడ సన్నబడలేదు. మామూలుగా ఈ స్టీలును లాగి తెంపితే తెగే ముందు ఒకచోట సన్నబడుతుంది, తెగిన ముఖం గిన్నెలా లోపలికి వెళ్తుంది. ఇక్కడ అదేమీ లేదు. ముఖమంతా, ముఖ్యంగా అంచు దగ్గర, పటికబెల్లం విరిచినట్టు తళుకు తళుకుగా ఉంది.

స్టడ్డు ఎన్ని షెడ్లు తిరిగిందంటే

పీణ్యలో ఒక వస్తువు ఒకే కప్పు కింద తయారవడం తక్కువ. ఈ స్టడ్డు కథ కూడా అంతే. ఈఎన్24 రౌండ్ బార్ కొన్నారు. సుమారు 0.4 శాతం కార్బన్, ఒకటిన్నర శాతం దాకా నికెల్, ఒకటి పైచిలుకు క్రోమియం, కొంచెం మాలిబ్డినం ఉండే స్టీలు అది. నికెల్, క్రోమియం ఎందుకంటే, నూనెలో ముంచినప్పుడు పైపొర ఒక్కటే కాకుండా లోపలి దాకా గట్టిపడటానికి. ఓనర్ షెడ్డులోనే బ్యాండ్‌సా మీద కోసి, సీఎన్‌సీ (కంప్యూటర్ నడిపే లేత్) మీద టర్నింగ్ చేసి, మరలు కూడా అక్కడే కోశారు. తర్వాత హీట్ ట్రీట్‌మెంట్‌కు ఇంకో షెడ్డు: 850 డిగ్రీల దగ్గర కాసేపు ఉంచి, నూనెలో ముంచి, మళ్లీ టెంపరింగ్, అంటే తక్కువ వేడిలో ఇంకోసారి కాచడం. నూనెలోంచి తీసినప్పుడు స్టీలు గాజంత పెళుసుగా ఉంటుంది. టెంపరింగ్‌లో కొంత గట్టిదనం వదులుకుని కొంత సాగే గుణం తెచ్చుకుంటాం. డ్రాయింగ్ అడిగింది 12.9 గ్రేడ్ బోల్టుతో సమానమైన బలం.

ఇక్కడ కొత్తగా వచ్చే డిప్లొమా పిల్లల కోసం ఒక్క మాట. 12.9 అని బోల్టు తల మీద ఉంటే, మొదటి అంకెను వందతో గుణిస్తే తెగే బలం: 1200 మెగాపాస్కల్స్, అంటే చదరపు మిల్లీమీటరుకు 1200 న్యూటన్లు. చుక్క తర్వాతి 9 అంటే, అందులో పదికి తొమ్మిది వంతుల దగ్గర శాశ్వతంగా సాగడం మొదలవుతుందని. ఇంటర్వ్యూలో ఇది అడిగితే పదిమందిలో ఇద్దరు చెబుతారు. సిలబస్‌లో ఉంది, బోల్టును చేత్తో తిప్పి చూసినవాళ్లే తక్కువ.

హీట్ ట్రీట్‌మెంట్ నుంచి రాగానే మూడు స్టడ్లు మా ల్యాబ్‌కు వచ్చాయి. టెస్ట్ చేశాం, సర్టిఫికెట్ ఇచ్చాం. ఆ తర్వాత 240లో 200 స్టడ్లు జింక్ ప్లేటింగ్‌కు వెళ్లాయి. 40 పూత లేకుండా నల్లగానే స్పేర్‌గా ఉండిపోయాయి. మా సర్టిఫికెట్ తేదీ ప్లేటింగ్ చలాన్ తేదీకంటే నాలుగు రోజులు ముందుది. ఈ సంగతి ఆ శనివారం దాకా నేను గమనించలేదు. "దీని తర్వాత ఇంకేమైనా ప్రాసెస్ ఉందా" అని మేం అడగనూ లేదు. ఆ తప్పు నాది.

అనుమానాలు

మొదటి అనుమానం సహజంగా బిగించిన కుర్రాడి మీదికే పోయింది. కదిరి అబ్బాయి, పనిలో చేరి ఏడాది. పాపం అప్పటికే ముఖం వాడిపోయి ఉంది. "320కే పెట్టినాను సార్, క్లిక్ అనగానే వదిలేసినాను" అని ఇరవైసార్లు చెప్పుంటాడు. టార్క్ రెంచ్ (పెట్టిన బలం రాగానే క్లిక్‌మనే పానా) తెచ్చి పరీక్షిస్తే సరిగ్గానే ఉంది. లెక్క కూడా వాడి వైపే ఉంది. టార్క్, అంటే తిప్పే బలం, మోటుగా 0.2 ఇంటూ లాగుడు బలం ఇంటూ బోల్టు వ్యాసం. 320 న్యూటన్ మీటర్లు, 16 మిల్లీమీటర్లు పెడితే లాగుడు 100 కిలోన్యూటన్లు, అంటే పది టన్నులు. ఎమ్16 మరలో బరువు మోసే వైశాల్యం 157 చదరపు మిల్లీమీటర్లు. భాగిస్తే 637 మెగాపాస్కల్స్. 1200 మోయాల్సిన స్టడ్డు మీద పడింది దాదాపు సగం. కుర్రాడిని కూర్చోబెట్టి ఈ లెక్క కాగితం మీద వేసి చూపించాను. ఆ రోజు నేను చేసిన పనుల్లో ఎక్కువ ఫలితమిచ్చింది అదే.

రెండోది, బార్ వేరేదా? స్పెక్ట్రో (ఏ మూలకం ఎంతుందో చూసే పరీక్ష) చేయిస్తే ఈఎన్24 పరిధిలోనే అన్నీ ఉన్నాయి. మూడోది క్వెంచ్ క్రాక్, అంటే నూనెలో ముంచినప్పుడే పగులు వచ్చిందా? అలాగైతే టెంపరింగ్ కొలిమిలో ఆ పగులు లోపలికి గాలి వెళ్లి, ఆ మేరకు ముఖం నల్లగానో నీలంగానో మారి ఉండాలి. ఇక్కడ అంతా తెల్లగా మెరుస్తోంది. నాలుగోది ఫెటీగ్, అంటే బరువు మళ్లీ మళ్లీ పడి అలసి తెగడం. మిషనే తిప్పలేదు కాబట్టి అది అక్కడికక్కడే కొట్టేశాం.

ఇక మిగిలింది మా టెస్టుల మీద అనుమానం. ఓనర్ నోటితో అనలేదు, చూపుతో అన్నాడు. అందుకని ప్లేటింగ్ అయిన స్టడ్లే మూడు తీసుకుని మళ్లీ మొదటినుంచి చేశాం, ఆయన్ని పక్కనే నిలబెట్టి.

రాక్‌వెల్‌తో మొదలుపెట్టాం. సీ స్కేల్‌లో 120 డిగ్రీల డైమండ్ కోను, ముందు 10 కిలోల బరువుతో ఆనించి, తర్వాత మొత్తం 150 కిలోలతో నొక్కి, ఎంత లోతు దిగిందో చూస్తాం. ఒక్కో పాయింటు 2 మైక్రాన్ల లోతు, 100 నుంచి కిందికి లెక్క. మాకు వచ్చింది 41. అంటే కోను దిగింది 59 రెట్లు 2, దాదాపు 118 మైక్రాన్లు, మిల్లీమీటరులో పదో వంతు పైచిలుకు. ఇది పిల్లలు గుర్తుపెట్టుకోవాల్సిన లెక్క. మనం 180 మిల్లీమీటర్ల స్టడ్డు గురించి మాట్లాడుతున్నామనుకుంటాం, మిషన్ మాట్లాడేది ఆ పదో వంతు లోతు గురించే.

తర్వాత యూటీఎం. స్టడ్డును స్టడ్డుగానే, నట్లు వేసి లాగాం. 203 కిలోన్యూటన్ల దగ్గర తెగింది. 157తో భాగిస్తే 1293 మెగాపాస్కల్స్. నల్ల స్టడ్డుతో మొదట వచ్చిన అంకెకూ దీనికీ తేడా నామమాత్రమే. ఇంకో దాని నడుం టర్నింగ్ చేసి పీస్ తయారుచేసి లాగితే మెడ చక్కగా సన్నబడింది, సాగుదల 13 శాతం వచ్చింది. ఈ గ్రేడుకు కావాల్సింది 8.

చివరికి చార్పీ. 1901లో ఫ్రెంచ్ ఇంజినీర్ జార్జ్ చార్పీ స్థిరపరిచిన పద్ధతి, ఇప్పటికీ పెద్దగా మారలేదు. 10 మిల్లీమీటర్ల చదరపు కడ్డీ, 55 పొడవు, మధ్యలో 2 మిల్లీమీటర్ల లోతు వీ గాటు. లోలకం పైనుంచి వదిలితే గాటు వెనక తగిలి, విరిచి, అవతలికి ఎంత ఎత్తు వెళ్లిందో చూసి ఎంత శక్తి ఖర్చయిందో చెబుతాం. 16 మిల్లీమీటర్ల గుండ్రటి స్టడ్డులోంచి 10 చదరం సరిగ్గా వస్తుంది, మూల నుంచి మూలకు 14 చిల్లరే కాబట్టి. వచ్చింది 34 జౌల్స్. ఇంత గట్టి స్టీలుకు పరవాలేదు.

అన్నీ పాస్. ఓనర్ కుర్చీలో కూలబడ్డాడు. "అంటే నీ మిషన్లన్నీ బాగుందనే చెప్తాయి. మా షెడ్డులో మాత్రం తెగుతుంది. ఏం చేసేది సామీ?"

వాచ్‌మన్ చెప్పిన టైం

ఆ సాయంత్రం మళ్లీ షెడ్డుకెళ్లాను, ఈసారి వాచ్‌మన్‌తో మాట్లాడటానికి. మొదటి చప్పుడు ఎప్పుడయిందో ఆయనకు బాగా గుర్తుంది. ఒంటిగంటకు టీ ఫ్లాస్కు తెరిచాడు, అప్పుడే టప్‌మంది. రెండోది తెల్లవారుజామున, గుడి మైకు మొదలయ్యే ముందు. అంటే బిగించిన ఆరున్నర గంటలకు ఒకటి, దాదాపు పది గంటలకు ఇంకొకటి. బిగించేటప్పుడు ఒక్కటీ తెగలేదు. బలం పెరగలేదు, మిషన్ తిరగలేదు. గడిచింది టైం మాత్రమే.

మా మూడు టెస్టులనూ అప్పుడు కొత్తగా చూశాను. రాక్‌వెల్‌లో నొక్కేది కొన్ని సెకన్లు. యూటీఎంలో రెండు నిమిషాలు. చార్పీలో కంటిరెప్ప పాటు కూడా కాదు. స్టడ్డు పదిగంటలు బరువు మోస్తూ నిలబడితే ఏమవుతుందని ఏ టెస్టూ అడగలేదు. మేం అడిగినవాటికి అది నిజమే చెప్పింది.

రెండో ఆధారం అదే షెడ్డులో మూలన దొరికింది. ప్లేటింగ్ ఆలస్యమవుతోందని ట్రయల్ కోసం ఒక పాత ప్రెస్‌కు నల్ల స్టడ్లే ఎనిమిది బిగించారు. అదే బార్, అదే హీట్ ట్రీట్‌మెంట్, అదే 320. పన్నెండు రోజులుగా చెక్కుచెదరలేదు. తేడా జింక్ ఒక్కటే. తుప్పు నుంచి కాపాడటానికి పూసిన పూత బలం ఎలా తీస్తుంది అని ఓనర్ అడిగాడు. పూత తీయలేదు, పూతకు ముందూ పూస్తున్నప్పుడూ లోపలికి దూరిన దాని పని అది.

ప్లేటింగ్ షెడ్డులో

ప్లేటింగ్ షెడ్డు గేటు దగ్గరే యాసిడ్ ఘాటు గొంతులో పట్టుకుంటుంది. వరసగా తొట్లు: హైడ్రోక్లోరిక్ యాసిడ్, కడిగే నీళ్లు, కరెంటుతో శుభ్రం చేసే తొట్టి, జింక్ తొట్టి, చివర్లో జింక్‌ను కాపాడే పసుపు రంగు పొర, పాసివేషన్. అక్కడి సూపర్‌వైజర్ పలమనేరు మనిషి. దాచుకోకుండా చెప్పాడు.

"హీట్ ట్రీట్‌మెంట్ స్కేలు మొండిగా ఉన్నింది సార్. పది నిమిషాలకు పోయేది పోలే. ముక్కాలు గంట యాసిడ్‌లోనే పెట్టేసినాం. బయటికి తీస్తే అద్దంలా ఉండె."

స్కేలు అంటే కొలిమి వేడికి స్టీలు మీద పట్టే పొర. ఆ ముప్పావుగంటలో జరిగేదేమిటంటే, యాసిడ్ ఇనుముతో కలిసినప్పుడు పుట్టే హైడ్రోజన్ మొదట ఒంటరి పరమాణువులుగా ఉంటుంది. చాలావరకు రెండేసి జతకట్టి బుడగలుగా పైకి పోతాయి. తొట్టిలో మనకు కనిపించే నురగ అదే. జత దొరకని కొన్ని మాత్రం స్టీలులోకి దూరుతాయి. చాలా చిన్నది కాబట్టి ఇనుప పరమాణువుల సందుల్లోంచి నడుచుకుంటూ పోగలదు, గది వేడిలోనే. తర్వాత జింక్ తొట్టిలో స్టడ్డుకు మైనస్ కరెంటు ఇస్తాం. జింక్‌తో పాటు హైడ్రోజన్ కూడా అక్కడికే వస్తుంది. చివర్లో జింక్ పొర మూతలా కప్పేస్తుంది, లోపలికెళ్లింది తేలిగ్గా బయటికి రాలేదు.

బిగించనంతవరకూ ఏమీ కనబడదు. బిగించగానే మర అడుగున, అంటే గాటు మూలలో, లాగుడు అన్నిటికంటే ఎక్కువ. సగటున 637 అని మనం వేసిన లెక్క ఆ మూలలో ఎన్నో రెట్లు ఉంటుంది. హైడ్రోజన్ మెల్లగా అక్కడికే చేరుతుంది. చేరిన చోట స్టీలు రేణువుల మధ్య పట్టు సడలి, సన్న పగులు పుడుతుంది. పగులు కొనకు మళ్లీ హైడ్రోజన్ చేరాలి, దానికి టైం కావాలి. ఇలా కొంచెం కొంచెం లోపలికి పోయి, మిగిలిన భాగం పది టన్నులు మోయలేని క్షణంలో టప్. వాచ్‌మన్ విన్నది ఆ చివరి క్షణాన్ని మాత్రమే.

మెత్తటి స్టీలుకు ఈ జబ్బు దాదాపు రాదు. రాక్‌వెల్ 39 దాటిన దగ్గర్నుంచి జాగ్రత్త పడాలి అని బోల్టుల పరిశ్రమ ఎప్పుడో గీత గీసుకుంది. మాది 41. అందుకే ఇదే షెడ్డులో రోజూ వేల కొద్దీ 8.8 బోల్టులకు ఇదే యాసిడ్, ఇదే జింక్ వేస్తున్నా ఎవరికీ ఏమీ కాలేదు. సూపర్‌వైజర్ వాదన కూడా అదే: "పదహైదేండ్లుగా ఇట్లే చేస్తున్నాం." అబద్ధం కాదు. ఇంత గట్టి సరుకు ఆయన దగ్గరికి ఎప్పుడూ రాలేదంతే.

దీనికి మందు కొత్తదేమీ కాదు. ప్లేటింగ్ అయిన నాలుగు గంటల్లోపు 190 నుంచి 220 డిగ్రీల మధ్య ఓవెన్‌లో గంటల తరబడి ఉంచితే హైడ్రోజన్ చాలావరకు బయటికి పోతుంది, మిగిలింది హాని చేయని చోట్ల చిక్కుకుంటుంది. దీన్నే బేకింగ్ అంటారు. ఆ షెడ్డులో ఓవెన్ ఉంది! మూలన, మీద పాత చలాన్ల కట్టతో. చలాన్‌లో "బేకింగ్" అని రాస్తే చేస్తారు, రాయకపోతే చేయరు. మన చలాన్‌లో ఉన్నది "జింక్ ప్లేటింగ్ 8 మైక్రాన్, పసుపు" అని మాత్రమే.

ఈ జబ్బును మొదట పట్టింది ఈ కాలం వాళ్లు కాదు. 1875లో ఇంగ్లండ్‌లో విలియం జాన్సన్ అనే ఆయన ఇనుప తీగను హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో కొద్దిసేపు ఉంచి వంచితే, అంతకుముందు రెండు మూడుసార్లు వంచినా ఓర్చుకున్న తీగ పుటుక్కున తెగడం, తెగిన చోట తడి చేస్తే బుడగలు రావడం చూసి రాశాడు. దాదాపు నూటయాభై ఏళ్లుగా తెలిసిన విషయాన్ని పీణ్యలో మేం మళ్లీ కొత్తగా కనిపెట్టుకున్నాం.

పలక మీద పద్దెనిమిది స్టడ్లు

అనుకోవడం వేరు, చూపించడం వేరు. ఓనర్‌కూ ప్లేటింగ్ వాళ్లకూ మధ్య డబ్బు గొడవ ఉంది కాబట్టి చూపించక తప్పలేదు. మందపాటి స్టీలు దిమ్మెకు పద్దెనిమిది రంధ్రాలు వేయించాం. ఆరు నల్ల స్టడ్లు. ఆరు తెగిన లాట్‌లోవి, ఇంతవరకు బిగించనివి. ఇంకో ఆరు నల్లవి తీసుకెళ్లి, అదే షెడ్డులో అదే ముప్పావుగంట యాసిడ్‌లో పెట్టించి, అదే జింక్ వేయించి, గంటలోపు ఓవెన్‌లోకి పంపి 200 డిగ్రీల దగ్గర 12 గంటలు ఉంచాం. అన్నీ 320కి బిగించి, ముక్కలు ఎగరకుండా పైన చెక్కపెట్టె బోర్లించి వదిలేశాం. ఇలాంటి బిగింపు పరీక్షకు అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 15330 అడిగేది కనీసం 48 గంటలు. నేను 200 దాకా ఆగాను, భయం కొద్దీ.

పెట్టె లోపల మొదటి చప్పుడు ఐదో గంటలో. మా ల్యాబ్ అసిస్టెంట్ టిఫిన్ బాక్స్ వదిలేసి ఎగిరి పడింది. 31 గంటలయ్యేసరికి బేకింగ్ లేని ఆరింటిలో నాలుగు పోయాయి, తర్వాత ఇంకేమీ తెగలేదు. నల్లవి ఆరూ, బేక్ చేసినవి ఆరూ 200 గంటల తర్వాత కూడా నిలబడే ఉన్నాయి. ఆరేసి స్టడ్లతో ప్రపంచానికి సూత్రం చెప్పలేం. ఈ లాట్‌కు ఏం జరిగిందో చెప్పడానికి మాత్రం సరిపోయింది. ఒక ముక్కను ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌కు పంపితే వచ్చిన ఫొటోలో అంచు చుట్టూ రేణువులు విడివిడిగా, సున్నం రాలిపోయిన పాత రాతిగోడలా కనిపించాయి. మధ్యలో మాత్రం మామూలు సాగి తెగిన గుంటలు. బయటినుంచి హైడ్రోజన్, చివర్లో బరువు.

ఓనర్ ఆ ఫొటో చాలాసేపు చూశాడు. "పెళ్లిచూపుల్లో బాగానే ఉన్నింది, కాపురానికొచ్చినాక బయటపడిందన్నమాట." ఆయన భార్య పక్కనే అకౌంట్స్ చూస్తున్నారు. తలెత్తి ఒక చూపు చూశారు, ఆయన మాట మార్చాడు.

మిగిలిన సరుకు, మిగిలిన గొడవ

అసలు వాదన అప్పుడు మొదలైంది. ప్లేటింగ్ అయిన స్టడ్లు ఇంకా నూటడెబ్బై దాకా పెట్టెల్లో ఉన్నాయి. "ఇప్పుడు బేక్ చేస్తే సరిపోదా?" అన్నాడు. అడగాల్సిన ప్రశ్నే. ఒకసారి బిగించినవాటి సంగతి తేలిక: లోపల వెంట్రుకంత పగులు పుట్టి ఉండొచ్చు, ఓవెన్ పగులును అతకదు. స్క్రాప్. బిగించనివాటికి మాత్రం కొంత ఆశ ఉంది, కొంతమంది ఇంజినీర్లు నాతో ఒప్పుకోకపోవచ్చు కూడా. కానీ నాలుగు గంటల్లో జరగాల్సింది రెండు వారాల తర్వాత చేసి, పైన పది టన్నులు, కింద ఆపరేటర్ చేతులు ఉండే ప్రెస్‌కు బిగించమని నేను సంతకం పెట్టలేను. అదే చెప్పాను.

ఆయన రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు నేనే శాన్‌ఫ్రాన్సిస్కో బే బ్రిడ్జి సంగతి చెప్పాను. 2013 మార్చిలో, కొత్త వంతెన తూర్పు భాగంలో మూడంగుళాల లావు గాల్వనైజ్డ్ (జింక్ పూత వేసిన) రాడ్లు 96 బిగిస్తే, రెండు వారాలు తిరక్కుండానే 32 తెగాయి. కారణం హైడ్రోజనే. అక్కడ అది లోపలికొచ్చిన దారి మనది లాంటిది కాకపోవచ్చు, తెగిన తీరు మాత్రం ఇదే: బిగించిన రోజు బాగుండి, తర్వాత ఒక్కొక్కటీ. "అంత పెద్దోళ్లకే అయిందా" అని ఆయన మనసు కొంచెం కుదుటపడింది. సరుకు మొత్తం స్క్రాప్ చేశాడు. ఖర్చు ముగ్గురూ పంచుకున్నారు. ఎవరెంత అనేది నాకనవసరం. నా వంతుగా రెండో విడత టెస్టులకు బిల్లు వేయలేదు.

అసలు జింక్ ఎందుకొచ్చింది? శ్రీపెరంబుదూర్ కస్టమర్ పాత ప్రెస్సుల మీద నల్ల స్టడ్లకు తుప్పు వస్తోందని ఫొటోలు పంపాడు. చెన్నై చుట్టుపక్కల గాలికి అది వింతేమీ కాదు. ఆ మెయిల్ చూసి కొనుగోళ్ల అబ్బాయి డ్రాయింగ్ మీద ఒక లైను కలిపాడు. ఎవరూ దాన్ని బలం మార్పుగా చూడలేదు, రంగు మార్పుగా చూశారు.

కొత్త లాట్‌కు యాసిడ్ తీసేశాం. స్కేలును షాట్ బ్లాస్టింగ్‌తో, అంటే చిన్న గుళ్లు వేగంగా కొట్టి, రాలగొట్టి, కరెంటు అవసరం లేని జింక్ ఫ్లేక్ పూత వేయించాం. రంగులా ముంచి, కాల్చి గట్టిపరిచేది అది. పూత వేసేటప్పుడు హైడ్రోజన్ ఊసే ఉండదు. బేకింగ్‌తో జింక్ ప్లేటింగే చేయించొచ్చు కదా అంటే చేయించొచ్చు, కానీ పసుపు పాసివేషన్ వంద డిగ్రీలు కూడా ఓర్చదు కాబట్టి ముందు బేకింగ్, తర్వాత పాసివేషన్ అనే వరుస ఎప్పుడూ తప్పకూడదు. రద్దీ రోజున ఆ వరుస తప్పదని నాకు నమ్మకం లేదు.

ఇక్కడ ఇంకో తప్పు జరగబోయి ఆగింది. పూత మారితే మరల మధ్య రాపిడి మారుతుంది. కదిరి అబ్బాయే అడిగాడు: "సార్, ఇప్పుడు కూడా 320యేనా? ఆ 0.2 అట్లే ఉంటాదా?" లాగుడు కొలిచే లోడ్ సెల్ కింద పెట్టి చూస్తే, కొత్త పూత జారుడుకు 260 దగ్గరే 100 కిలోన్యూటన్లు వచ్చింది. 320కే బిగించి ఉంటే 123 దాకా పోయేది. డ్రాయింగ్ మీద టార్క్ మార్చాం. ఓనర్ ఆ నెల నుంచి వాడికి జీతం పెంచాడని విన్నాను.

మా ఫారంలో ఇప్పుడు ఒక గడి ఎక్కువ ఉంది: "ఈ శాంపిల్ తర్వాత సరుకు ఏ ప్రాసెస్‌కు వెళ్తుంది?" సగం మంది ఖాళీగా వదిలేస్తారు, మా అసిస్టెంట్ వాళ్లకు ఫోన్ చేసి విసిగిస్తుంది. పోయిన నెల ప్లేటింగ్ షెడ్డు సూపర్‌వైజర్ నుంచి నాకే ఫోన్ వచ్చింది. ఎవరో కొత్త పార్టీ స్ప్రింగ్ ప్లేట్లు ఆటోలో దింపి వెళ్లారట, చలాన్‌లో ఏమీ రాయలేదట.

"సార్, మీ రాక్‌వెల్ కొంచెం ఖాళీగా ఉంటాదా? యాసిడ్‌లో వేసే ముందు ఒక పీస్ పంపిస్తా."